తోక చూశారా?

మా వీధి గుడి కుంభాభిషేకం నాడు గోపురంపై ఒక పక్షి తిరిగితే, గరుత్మంతుడొచ్చాడని అందరూ దండాలు పెట్టారు. నేను ఫోటో తీశాను. ఒళ్ళంతా గోధుమరంగు, తల తెల్లగా లేదు. "మామూలు గద్దండీ" అని అందరి ముందూ తేల్చేశాను.

ఇంటికొచ్చి మిగతా ఫోటోలు పెద్దవి చేస్తే తోక గుండ్రంగా ఉంది! మామూలు గద్ద తోక చివర కాస్త చీలి ఉంటుంది (పూర్తిగా విప్పితే ఆ చీలికా కనబడదు, ఒక్క ఫోటో చాలదు). ఇది ఇంకా ఎదగని గరుడ పక్షి. ఇటుకరంగు ఒళ్ళూ, తెల్లటి తలా పెద్దయ్యాకే వస్తాయి.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉన్నన్నాళ్ళూ వోచరు చూడందే బిల్లు పాస్ చేయలేదు. ఎదుటివాళ్ళని రుజువడిగే హేతువాదిని, ఇక్కడ తొందరపడ్డాను. మర్నాడు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను.

"చూశారా, స్వామే వచ్చాడు" అన్నారు పూజారిగారు.

పేరు ఆయన చెప్పిందే నిజం. కారణం మాత్రం కాదు. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిలో రెక్కాడించకుండా తిరగటం ఆ పక్షులకు రోజూ పనే. నిన్నా అక్కడే తిరిగింది. నిన్న ఏ అభిషేకమూ లేదు.