బూజుపట్టిన రొట్టెలు చూసి నమ్మారు

కోరుట్లలో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ మనవి చదివింది నేనే. ఆఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపే మరణశిక్ష, ప్రార్థించండి అంటూ ఫోనులో వచ్చిన మాట అది. తల్లులు కన్నీళ్లతో మోకరించారు. కూడిక ముగిశాక డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు ఫోను చూపించింది. "అయ్యగారూ, ఈ మెసేజి ఎన్నో ఏళ్ల నుంచి తిరుగుతోంది. అబద్ధమని స్నోప్స్ వెబ్‌సైటు ఎప్పుడో రాసింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న సంఘపెద్ద మాత్రం ఊరుకోలేదు. "ఆళ్లు రాసింది నిజమని మనకెవరు చెప్పాలె అయ్యగారూ?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. గిబియోనీయులు పాత తిత్తులు, బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, దూరదేశం నుంచి వచ్చామన్నారు (యెహోషువ 9). ఇశ్రాయేలీయులు గుడ్డిగా నమ్మలేదు సుమా! ఆధారాలు చూశారు. కానీ ఆ ఆధారాలు తెచ్చింది చెప్పినవాళ్లే. వారు పొరుగువారేనని మూడు దినాలకే తేలిపోయింది. వెబ్‌సైటు 'అబద్ధం' అని ఎర్రముద్ర వేయగానే నమ్మడం కూడా రొట్టె చూసి నమ్మినట్టే. ఆ ఫొటో మొదట ఎక్కడ వచ్చింది, ఏ తేదీది, ఎవరిని అడిగి రాశారు, మనమూ వెళ్లి చూసుకునే దారి ఇచ్చారా అన్నది చూడాలి. పౌలు బోధనే బెరయవారు దినదినం లేఖనాలతో సరిచూశారు (అపొ.కా. 17:11). పౌలు నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు.

జగిత్యాల అంగట్లో తరాజుకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నట్టే వీటికీ ఒకటుంది. అమెరికాలోని పాయింటర్ సంస్థ 2015లో మొదలుపెట్టిన అంతర్జాతీయ ఫ్యాక్ట్ చెకింగ్ నెట్‌వర్క్ నియమాలు పెట్టింది. పక్షం వహించరాదు, ఆధారాలు చూపాలి, డబ్బు ఎవరిస్తున్నారో చెప్పాలి, పద్ధతి వివరించాలి, తప్పు జరిగితే బహిరంగంగా దిద్దుకోవాలి. హైదరాబాదు నుంచి తెలుగులోనూ రాసే ఫ్యాక్ట్‌లీ దానిపై సంతకం చేసిన సంస్థే.

ముద్ర ఉన్నంత మాత్రాన తూకం తప్పదని కాదు. స్నోప్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ మికెల్సన్ ఇతర పత్రికల రాతలు ఎత్తి తనవిగా వేసుకున్నాడని 2021లో బజ్‌ఫీడ్ న్యూస్ బయటపెట్టింది. స్నోప్స్ ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, ఆయన్ని సంపాదకీయ పనులకు దూరం పెట్టింది. ఆ ఒప్పుకోలు చూశాక నాకు నమ్మకం పెరిగిందనే చెప్పాలి. దిద్దుబాటు ఒక్కటీ లేని వెబ్‌సైటంటేనే నాకు అనుమానం.

కొన్నింటికి వెబ్‌సైటు కూడా అక్కర్లేదు. మన దేశంలో 'ఒలిసబాంగ్' ప్రాంతంలో చర్చిలు కాలుస్తున్నారని ఒక మెసేజి చాలాకాలం తిరిగింది. పిల్లల అట్లాసు తెరిస్తే చాలు, అలాంటి ప్రాంతమే లేదు.

మనమీద వచ్చిన అబద్ధాన్ని ఖండిస్తే మంచి వెబ్‌సైటు, మనవాళ్లు పంపిన అబద్ధాన్ని ఖండిస్తే అమ్ముడుపోయిన వెబ్‌సైటు అంటున్నాం. రెండు రకాల తూనికరాళ్లు (సామెతలు 20:10) మన సంచిలోనే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం పుల్పిట్ మీదే నా పొరపాటు ఒప్పుకున్నాను. ప్రార్థన మనవులు రాసే పుస్తకంలో రెండు గడులు కొత్తగా గీశాం: ఎవరు చెప్పారు? ఎప్పటిది? మొన్న సిరిసిల్ల కూడికలో ఒక మరమగ్గాల కార్మికుడి అనారోగ్యం గురించి మనవి వచ్చింది. రెండు గడులూ నిండాయి. ఆయన భార్యే వచ్చి రాయించింది.