జాబితాలో పేరుంటే చాలా?

ఈమధ్య మా ఊరి ప్లానింగ్ కమిషన్ ముందుకి ఒక ఇస్లామిక్ స్కూలు దరఖాస్తు వచ్చింది. ఇంకో ఆరు తరగతి గదులు, ఒక జిమ్, పక్కనే కమ్యూనిటీ హాలు కట్టుకుంటామని. అభ్యంతరం చెప్పడానికి మైకు దగ్గర నిలబడ్డవాళ్ళలో ముగ్గురు మనవాళ్ళు. తెలుగువాళ్ళు, ఇంజనీర్లు, ఉగాదికి నాతో కలిసి పులిహోర వడ్డించినవాళ్ళు. వారిలో ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని, "ఈ స్థలం నార్త్ అమెరికన్ ఇస్లామిక్ ట్రస్టు పేరు మీద ఉంది, అది టెర్రరిస్టు కేసులో ఉన్న సంస్థ" అన్నాడు. బయటికొచ్చాక అడిగాను, "అన్నా, ఆ కేసు ఏమైందో చదివావా?" అని. "చదివేదేముంది, జాబితాలో పేరుంది కదా" అన్నాడు.

అన్న మంచివాడే. కానీ ఆ ఒక్క మాట మీద నాకు చాలా అభ్యంతరం ఉంది.

ముందు ఈ ట్రస్టు సంగతి. 1963లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ముస్లిం విద్యార్థుల సంఘం 1973లో దీన్ని పెట్టింది. చదువుకోవడానికొచ్చిన కుర్రాళ్ళు, అచ్చం మనలాగే, ఇక్కడే ఉండిపోయారు. అద్దె గదిలో నమాజు చేసుకునేవాళ్ళకి సొంత మసీదు, ఆదివారం బడి కావలసి వచ్చాయి. స్థలం ఎవరి పేరు మీద కొనాలి? విద్యార్థులు నాలుగేళ్ళకొకసారి మారిపోతారు, కమిటీలు రెండేళ్ళకొకసారి కొట్టుకుంటాయి. అందుకని ఆస్తి హక్కు ట్రస్టు పేరు మీద, వాడకం, నిర్వహణ స్థానికుల చేతిలో అని ఏర్పాటు చేసుకున్నారు. వడ్డీ ముట్టకూడదన్న నియమం ఉన్నవాళ్ళు కాబట్టి బ్యాంకు అప్పు జోలికి పోకుండా కట్టడాలకి డబ్బు సమకూర్చే పని కూడా ట్రస్టు పెట్టుకుంది. 40కి పైగా రాష్ట్రాల్లో 300కి పైగా ఆస్తులు తన పేరు మీద ఉన్నాయని ట్రస్టే చెప్పుకుంటుంది.

దీన్ని వాళ్ళు వక్ఫ్ అంటారు. ఆ మాట వినగానే మనవాళ్ళకి హైదరాబాదు గుర్తొస్తుంది, ముఖ్యంగా మణికొండ. మనలో ఎంతమందికి అక్కడ ఫ్లాట్లున్నాయో నేను చెప్పక్కర్లేదు. హుసేన్ షా వలీ దర్గాకి చెందినవని వక్ఫ్ బోర్డు అన్న 1654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేదాకా ఎన్ని నిద్రలేని రాత్రులు! సరే, కానీ ఆ భయాన్ని విమానంలో ఇక్కడిదాకా మోసుకురావద్దు. అమెరికాలో వక్ఫ్ బోర్డు లేదు, వక్ఫ్ ట్రిబ్యునల్ లేదు, ఎవరి భూమినైనా తనదని ప్రకటించుకునే అధికారం ఎవరికీ లేదు. ఇది ఇండియానా రాష్ట్ర చట్టం కింద నమోదైన ఒక లాభాపేక్ష లేని సంస్థ. ఆస్తి దాని పేరు మీదికి రావాలంటే సొంతదారు తనంతట తాను రాసిచ్చి, కౌంటీ ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. అంతే.

పోనీ ఈ ఏర్పాటు ముస్లింలదే వింత అనుకుందామా? మన వీధి చివర మెథడిస్టు చర్చి ఉంటుంది చూడండి, ఆ భవనాన్ని స్థానిక సభ్యులు మొత్తం సంప్రదాయం తరఫున ట్రస్టుగా మాత్రమే ఉంచుకుంటారు. 2019 నుంచి 2023 దాకా 7600కి పైగా చర్చిలు యునైటెడ్ మెథడిస్టు సంఘాన్ని వదిలిపోయాయి. తాము చందాలేసుకుని కట్టుకున్న భవనాన్ని వెంట తీసుకుపోవడానికి పైవాళ్ళకి డబ్బు కట్టి మరీ వెళ్ళాయి. కాథలిక్కుల సంగతైతే చాలా చోట్ల ఆస్తి అంతా బిషప్పు పదవి పేరు మీదో, డయోసిస్ పేరు మీదో ఉంటుంది. దాన్నెవరూ కుట్ర అనరు. మన గుళ్ళ సంగతి వద్దులెండి. ట్రస్టీల ఎన్నికల మీద కోర్టుకెక్కిన గుడి లేని మహానగరం ఉంటే నాకు చెప్పండి, అక్కడికి మారిపోతాను.

ఇక జాబితా. టెక్సస్‌లో రిచర్డ్‌సన్ కేంద్రంగా పనిచేసిన హోలీ లాండ్ ఫౌండేషన్ అప్పట్లో ఈ దేశంలో అతి పెద్ద ముస్లిం దాతృత్వ సంస్థ. హమాస్‌కి డబ్బు పంపుతోందని 2001 డిసెంబర్‌లో దాని ఆస్తుల్ని ప్రభుత్వం స్తంభింపజేసింది. 2007లో జరిగిన మొదటి విచారణ మిస్‌ట్రయల్ అయింది. 2008 నవంబర్‌లో రెండో జ్యూరీ ఐదుగురినీ దోషులంది, ఇద్దరికి 65 ఏళ్ళ శిక్ష పడింది. ఆ తీర్పు మీద నాకేమీ పేచీ లేదు. పేచీ అంతా 2007లో ప్రాసిక్యూటర్లు కోర్టులో దాఖలు చేసిన ఒక అనుబంధం గురించి. అందులో అభియోగం మోపని సహకుట్రదారులు అంటూ 246 పేర్లున్నాయి, ఈ ట్రస్టు పేరు కూడా. అభియోగం మోపలేదంటే లాయరు పెట్టుకుని వాదించుకునే అవకాశం లేదు. నిర్దోషి అని ఎవరూ చెప్పరు, ఎందుకంటే దోషి అని కూడా ఎవరూ అడగలేదు. అలాంటి జాబితాలు మామూలుగా కోర్టు సీల్ చేసి ఉంచుతుంది. దీన్ని బహిరంగంగా దాఖలు చేశారు.

ట్రస్టు ఊరుకోలేదు, 2008లో కోర్టుకెళ్ళింది. పేర్లు బయటపెట్టడం ద్వారా ప్రభుత్వం రాజ్యాంగం ఐదో సవరణ ఇచ్చిన హక్కుల్ని ఉల్లంఘించిందని 2009 జులైలో జడ్జి హొర్హే సోలిస్ తేల్చాడు. తమాషా ఏమిటంటే ఆ తీర్పునే సీల్ చేశారు! పేరు పోయింది బజారులో, న్యాయం జరిగింది బీరువాలో. ట్రస్టు మళ్ళీ అప్పీలుకి వెళితే 2010 అక్టోబర్‌లో ఐదో సర్క్యూట్ కోర్టు ఆ సీలు తీయించింది.

ఇక్కడ మా వైపు వాళ్ళు సాధారణంగా దాటేసే సంగతి ఒకటుంది, నేను దాటెయ్యను. అదే తీర్పులో సోలిస్ పేరు తొలగించడానికి ఒప్పుకోలేదు. హోలీ లాండ్‌తో, హమాస్‌తో ఈ సంస్థలకి సంబంధాలున్నాయని చూపడానికి తగిన ఆధారాలున్నాయన్నాడు. ఆ ఆధారాలు చాలావరకు హోలీ లాండ్‌ని ప్రభుత్వం నిషేధిత జాబితాలో చేర్చడానికి ముందువని కూడా ఆయనే రాశాడు. అంటే చట్టం గీత గీయక ముందు ఆ వైపు నడిచిన అడుగులవి. వాటి గురించి ట్రస్టుని నిలదీయండి, తప్పులేదు. ఆ రోజుల్లో తమ ఖాతాల ద్వారా వెళ్ళిన డబ్బు గురించి అది వివరంగా జవాబు చెప్పాలనే నేనూ అంటాను. చికాగో శివారు బ్రిడ్జ్‌వ్యూలో మసీదు హక్కుని ఈ ట్రస్టుకి రాసిచ్చినప్పుడు సభ్యుల్లోనే ఒక వర్గం కోర్టుకెక్కి ఓడిపోయింది. స్థలం చేజారితే ప్రార్థన తీరు కూడా చేజారుతుందని వాళ్ళు పడ్డ భయం ఉత్తదేం కాదు. ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. కానీ వీటిలో ఏ ఒక్కదానికీ మా ఊరి బడిలో మూడో తరగతి పిల్లలు జవాబుదారీ కాదు.

అన్నా, ఒక్కసారి వెనక్కి చూద్దాం. 2002 నవంబర్‌లో మేరీలాండ్‌లోని ఇండియా డెవలప్‌మెంట్ అండ్ రిలీఫ్ ఫండ్ మీద ఒక నివేదిక వచ్చింది, మన చందాలు ద్వేషం పెంచే సంస్థలకి పోతున్నాయని. అప్పుడు మనవాళ్ళు ఏమన్నారు? ఆరోపణ రుజువా అన్నారు, పేజీల కొద్దీ జవాబు రాశారు. 2021 మేలో న్యూజెర్సీ రాబిన్స్‌విల్ స్వామినారాయణ మందిరంలో ఫెడరల్ ఏజెంట్లు సోదా చేసినప్పుడు? విచారణ తేలేదాకా నోరు మూసుకోండన్నారు. సరిగ్గానే అన్నారు. ఆ సరైన మాట పక్కవాడి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మారుతుంది?

ఇందులో మన స్వార్థం కూడా ఉంది. 2000లో వచ్చిన మత సంస్థల భూ వినియోగ చట్టం జోనింగ్ ముసుగులో వివక్ష చూపకుండా గుడికీ, మసీదుకీ, గురుద్వారాకీ ఒకే గొడుగు పట్టింది. టెనెసీలో మర్‌ఫ్రీస్‌బరో మసీదుని ఆపడానికి ఇస్లాం అసలు మతమే కాదని వాదించారు. 2012లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం కిందనే తలుపులు తెరిపించింది. మనవాళ్ళు అంతమంది ఉన్న ప్లేనో దగ్గర, మసీదు, బడి, ఇళ్ళు కలిపి తలపెట్టిన ఎపిక్ సిటీ మీద 2025లో ఫెడరల్ న్యాయశాఖ విచారణ మొదలుపెట్టి, జూన్‌లో ఏ కేసూ పెట్టకుండానే మూసేసింది. ఆ మూసివేత వార్త వాట్సాప్‌లో ఎంతమంది పంపారు?

ఇక 2017 ఫిబ్రవరి. కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీర్ని "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపినవాడు, తర్వాత తాను కాల్చింది ఇరానియన్లని అనుకుని చెప్పాడు. వాడి దగ్గర కూడా ఒక జాబితా ఉంది, మనసులో. అందులో మనకి వేరే గడి లేదు.

విచారణ వచ్చే నెలకి వాయిదా పడింది. నేను వెళ్తున్నాను. ఆ స్కూలు మీద నాకూ ఒక అభ్యంతరం ఉంది, మైకు దగ్గర అదే చెప్తాను: శుక్రవారం మధ్యాహ్నం కార్లకి వాళ్ళు చూపిన పార్కింగ్ చాలదు. రెండో మలుపు దగ్గర కూడా దారి ఇవ్వాలి. అన్నని కూడా రమ్మన్నాను, ఈసారి ఆ కాగితం బదులు సోలిస్ తీర్పు మొత్తం చదువుకుని రమ్మని.