కౌన్సెలర్‌కు గురువెవరు?

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో పెద్దవాళ్ళ మాటలన్నీ సామాను చుట్టూ, కొత్త క్వార్టర్ చుట్టూ, మన టీసీ చుట్టూ తిరుగుతాయి. పిల్లల మనసు సంగతి పెట్టెలన్నీ సర్దాక కూడా ఎవరికీ గుర్తు రాకపోవచ్చు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ తొందర వాళ్ళది. అందుకే బడిలో మన మాట వినే కౌన్సెలర్ ఒకరు ఉండాలని మనమంతా కోరుకుంటాం. పదకొండో తరగతి వాళ్ళమైన మేము ఇంకో అడుగు ముందుకు వేసి ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాం. ఆ కౌన్సెలర్‌కు వినడం నేర్పేదెవరు?

కౌన్సెలర్ అవసరం గురించి ఇప్పుడు కొత్తగా వాదించాల్సిన పని లేదు. సెకండరీ, సీనియర్ సెకండరీ బడుల్లో కౌన్సెలర్ ఉండాలని సీబీఎస్‌ఈ 2018 నియమావళి చెబుతోంది. చదువు కోసం విశాఖపట్నం వచ్చి ప్రాణం కోల్పోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో ఒకరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. అంటే కుర్చీ వేయమని చట్టమే చెప్పింది. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని తయారుచేసే పని మాత్రం మిగిలే ఉంది.

బీఈడీ చదివే అక్కలూ అన్నలూ మన తరగతికి పాఠం చెప్పడానికి రావడం మీరు చూసే ఉంటారు. వాళ్ళు బోర్డు దగ్గర నిలబడితే, వాళ్ళ లెక్చరర్ చివరి బెంచీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటారు. గంట కొట్టాక పక్కకు పిలిచి, ఎక్కడ బాగుందో, ఎక్కడ పిల్లలకు అర్థం కాలేదో చెబుతారు. కౌన్సెలింగ్‌లోనూ అలాంటి మనిషి ఉండాలి. ఆ పనిని సూపర్‌విజన్ అంటారు. ఇన్‌స్పెక్షన్‌తో దీనికి పోలిక లేదు. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే చార్టులు మారతాయి, రిజిస్టర్లు పూర్తవుతాయి. సూపర్‌విజన్‌లో కౌన్సెలర్ వారం వారం తన గురువు ముందు కూర్చుని, ‘ఈ పిల్లవాడితో ఇలా మాట్లాడాను, సరిగ్గానే చేశానా’ అని అడగగలగాలి. పిల్లల రహస్యం బయటికి పొక్కకుండానే ఆ మాట సాగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళం నుంచి జోధ్‌పూర్‌కు వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి నెల రోజులుగా నోరు విప్పడం లేదనుకోండి. హిందీ రాకనా? పాత స్నేహితుల మీద బెంగా? ఎవరైనా ఏడిపిస్తున్నారా? లేక డాక్టరుకు చూపించాల్సిన బాధా? ‘కొత్త కదా, అదే అలవాటవుతుంది’ అని పంపేయడం చాలా సులువు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోతే మాత్రం నష్టపోయేది ఆ అబ్బాయే. కొత్తగా చేరిన కౌన్సెలర్ ఒంటరిగా ఊహించే బదులు అనుభవమున్న ఒకరిని అడిగే వీలుంటే, ఆ అబ్బాయికీ మేలు, ఆ కౌన్సెలర్‌కూ ధైర్యం.

ఇలా కౌన్సెలర్లకు నేర్పేవారిని తయారుచేయడానికే అమెరికాలో ప్రత్యేకంగా ఒక డాక్టరేట్ ఉంది. దాని పేరు కౌన్సెలర్ ఎడ్యుకేషన్ అండ్ సూపర్‌విజన్. అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కాక్రెప్ అనే సంస్థ 1981లో ఏర్పడింది. దాని ప్రమాణాల ప్రకారం ఎంఏ స్థాయి విద్యార్థి 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ కాలమంతా సగటున వారానికి ఒక గంట సూపర్‌వైజర్‌తో కూర్చోవాలి. డాక్టరేట్ చేసేవారు కౌన్సెలింగ్, సూపర్‌విజన్, బోధన, పరిశోధన, నాయకత్వం అనే అయిదు రంగాల్లో తయారవుతారు. అంటే తాము బాగా వినడంతో సరిపోదు. వినడం ఎలాగో ఇంకొకరికి నేర్పడం కూడా ఒక విద్యే అని అక్కడ గుర్తించారు.

మన దేశంలోనూ దారి లేకపోలేదు. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. దక్షిణాది వారికి మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ దానికి ఒక కేంద్రం. పైచదువు కావాలంటే సైకాలజీలోనో ఎడ్యుకేషన్‌లోనో ఈ అంశం తీసుకుని పీహెచ్‌డీ చేయవచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం దానికి కనీసం 3 ఏళ్ళు, మామూలుగా 6 ఏళ్ళ లోపు పడుతుంది. డిగ్రీ, పీజీ, కొన్నాళ్ళ ఉద్యోగ అనుభవం కలుపుకుంటే ఇది చాలా పొడుగు దారి. ఆ మాట దాచిపెట్టి ఎవరినీ పిలవకూడదు.

‘కష్టం వింటే చాలదా, దానికి పీహెచ్‌డీ ఎందుకు? మా అమ్మమ్మ ఏ డిగ్రీ చదివింది?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమ్మమ్మ ఒడికి సాటి లేదు. కానీ బదిలీల్లో మనం మొదట దూరమయ్యేది ఆ ఒడికే. పైగా అమ్మమ్మ చూసుకునేది తన మనవళ్ళనీ మనవరాళ్ళనీ, కౌన్సెలర్ చూడాల్సింది వందల మందిని. డాక్టరేట్ వల్ల మంచి మనసు రాదు, నిజమే. కానీ మంచి మనసున్నవాళ్ళు ఎక్కడ పొరపడతారో అది నేర్పుతుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. కౌన్సెలర్‌ను నియమించే ప్రతి బడీ, ఆ కౌన్సెలర్‌కు ఒక సూపర్‌వైజర్‌ను కూడా చూపించాలి. చాలా బడుల్లో కౌన్సెలర్లు ఏడాది కాంట్రాక్టు మీద వస్తుంటారు, మనలాగే వాళ్ళూ మారిపోతుంటారు. అలాంటప్పుడు వెనక నిలకడగా ఒకరు ఉండడం మరీ అవసరం. ఆ సూపర్‌వైజర్ అదే ఊళ్ళో ఉండాలని కూడా లేదు, వీడియో కాల్‌లో ఉన్నా చాలు. తెలుగు పిల్లల బెంగను తెలుగులో అర్థం చేసుకోగల ఒకరు ఉంటే ఎక్కడి నుంచైనా సాయపడగలరు.

అలాంటివారు ఎక్కడి నుంచి వస్తారు? మనలోంచే రావాలి. కొత్త తరగతిలో ఖాళీ బెంచీ వెతుక్కోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే అదొక్కటే అర్హత కాదు. ‘నాకూ ఇలాగే అయింది’ అనుకోవడం మొదలుపెడితే ఎదుటివాళ్ళ కథ వినిపించడం ఆగిపోతుంది. ఆ సంగతి పట్టి చూపించే గురువు కావాలనే ఇంతసేపూ మేము చెబుతున్నది.

ఇంజనీరింగ్, మెడిసిన్ పేర్ల పక్కన ఈ పేరు కూడా ఈ ఏడాది ఇంట్లో ఒకసారి ప్రస్తావించి చూడండి. ఇక ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తున్నవాళ్ళు పీహెచ్‌డీల కోసం ఆగనక్కర్లేదు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.