పదిహేడేళ్లకే బ్రాంచి తేల్చుకోమంటే ఎలా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ హైదరాబాద్ పాతబస్తీలోని మీసేవా, ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. ఎప్‌సెట్ ర్యాంకు ఉన్నవాళ్ల ముందు ఒక జాబితా ఉంటుంది: సీఎస్‌ఈ, సీఎస్‌ఈ (ఏఐ-ఎంఎల్), సీఎస్‌ఈ (డేటా సైన్స్), సీఎస్‌ఈ (సైబర్ సెక్యూరిటీ), ఐటీ. ర్యాంకు రానివాళ్లకూ, అసలు పరీక్షే రాయనివాళ్లకూ డిగ్రీ ప్రవేశాల ‘దోస్త్’లో ఇంకో జాబితా: బీఎస్సీ ఎంపీసీఎస్, ఎంఎస్‌సీఎస్, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, బీసీఏ. జీవితంలో ఒక్క ప్రోగ్రాం కూడా రాసి చూడని పిల్ల, సైబర్ సెక్యూరిటీ ముందు పెట్టాలా, డేటా సైన్స్ ముందు పెట్టాలా అన్నది తండ్రి పక్కన కూర్చుని ఆ కాసేపట్లో తేల్చేయాలి.

ఈ పేర్లన్నీ ఉత్తుత్తివేనా అంటే, కాదు. అంతర్జాతీయ కంప్యూటింగ్ సంఘం ఏసీఎం 2005లోనే ఈ రంగాన్ని ఐదుగా విడదీసి చూపింది: కంప్యూటర్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్. 2020 నివేదికలో సైబర్ సెక్యూరిటీ, డేటా సైన్స్ కూడా చేరాయి. తేడాలు నిజమే. అయితే అవి డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ చదివినవాడికి అర్థమయ్యే తేడాలు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ సీఎస్‌ఈ తోకల బ్రాంచీలన్నీ మొదటి రెండేళ్లు చదివేది చాలావరకు ఒకటే. దారులు చీలేది మూడో ఏట. మరి మూడో ఏట చీలే దారిని అడ్మిషన్ రోజునే ఎంచుకోమనడం ఎందుకు? చదువు కోణంలో దీనికి జవాబు లేదు. సీట్ల లెక్కలో ఉంది. కొత్త పేరుతో బ్రాంచి పెడితే కొత్త సెక్షన్లు వస్తాయి. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎత్తేయడంతో, సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకుంటామన్న తెలంగాణ కాలేజీల వివాదం కోర్టుల దాకా వెళ్లింది. ఇప్పుడు రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి మించి కంప్యూటర్ కోర్సులవే.

ఈ హడావిడిలో ఎవరూ పట్టించుకోనిది రెండో జాబితా. పాతబస్తీ పిల్లల్లో చాలామంది చదివేది అందులోని కోర్సులే.

మూసీ దక్షిణపు ఒడ్డున, హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీనే చూడండి. హైకోర్టుకూ ఉస్మానియా ఆసుపత్రికీ నమూనా ఇచ్చిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన భవనమే అది. దారుల్ ఉలూం మదర్సా దాని మూలం. కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన ఆ తరగతుల్లో ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ కలిసిన బీఎస్సీ, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ నడుస్తున్నాయి. హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, ఇంకాస్త దక్షిణాన ఫలక్‌నుమా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నాయి. మెట్రో ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయిన ఈ ప్రాంతంలో, ఆడపిల్లను రోజూ గచ్చిబౌలి పంపడానికి ఇష్టపడని ఇళ్లకు ఈ కాలేజీలే దిక్కు.

ఈ కోర్సులంటే ఒక చిన్నచూపు ఉంది. అది తప్పు. లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ సమానంగా చదివే ఎంఎస్‌సీఎస్‌ను మించిన డేటా సైన్స్ పునాది ఏముంటుంది? ఆ పేరుకు గిరాకీ రాకముందే మన డిగ్రీ కాలేజీలు ఆ కలయికను నేర్పాయి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ సంగతీ అంతే. అమెరికాలో ఎంఐటీ కంప్యూటర్ సైన్స్‌ను ఒకచోట ఆర్థికశాస్త్రంతో, ఒకచోట జీవశాస్త్రంతో, ఒకచోట నగర ప్రణాళికతో జోడించి డిగ్రీలిస్తోంది. మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాషాశాస్త్రంతో, మానవ శాస్త్రాలతో కలిపి ద్వంద్వ డిగ్రీలు నడుపుతోంది. వాణిజ్యంతో కంప్యూటర్‌ను కలిపిన బీకాం కూడా ఆ కోవలోదే. దాన్ని అలా నడిపితే కదా! అకౌంట్లు ఒక గదిలో, సి లాంగ్వేజీ ఇంకో గదిలో ఒకదానికొకటి సంబంధం లేకుండా చెప్పి పరీక్ష పెడితే కలయిక మార్కుల మెమోలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. 2024లో జీఐ గుర్తింపు పొందిన లక్క గాజులు అమ్మే లాడ్ బజార్, హోల్‌సేల్ వ్యాపారాల బేగంబజార్ సిటీ కాలేజీ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. అక్కడి ఒక దుకాణం సరుకు లెక్కలకూ జీఎస్టీ బిల్లులకూ డేటాబేస్ కట్టడమే ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కావాలి.

అసలు అన్యాయం ఈ కోర్సుల నుంచి పైకి వెళ్లే దారుల్లో ఉంది. గణితం లేకుండా సీఈసీ చదివి బీకాం కంప్యూటర్స్ చేసిన అమ్మాయికి, ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉండాలన్న నిబంధన ఏళ్ల తరబడి ఎంసీఏ తలుపు మూసింది. గణితంతో బీఎస్సీ చేసినవాళ్లకు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే అవకాశం ఉందని చాలా ఇళ్లకు తెలియదు. తెలిసి చేరినా, మూడేళ్ల బీఎస్సీ మీద మరో మూడేళ్లు. అప్పటికే చదివేసిన డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ మళ్లీ మొదటినుంచి చదవాలి. పైగా బీఎస్సీ నుంచి వచ్చినవాళ్లు మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్ అదనంగా పాసవ్వాలని ఏఐసీటీఈ నిబంధనల్లో రాసుకున్నారు. ప్రోగ్రామింగ్ కోసం వచ్చిన పిల్లకు తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోరు, అక్కరలేనిదాన్ని నెత్తిన పెడతారు!

వేరేలా నడపొచ్చని ఐఐటీ మద్రాస్ చూపించింది. 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అడగలేదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష పాసైతే ఫౌండేషన్, ఆపైన డిప్లొమా, ఆపైన బీఎస్సీ, బీఎస్. ఎక్కడ ఆగినా చేతిలో ఒక పట్టా ఉంటుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీలూ ఉన్నాయి. గణితం రానివాళ్లను గుమ్మంలోనే ఆపకుండా లోపలికి పిలిచి నేర్పుతున్నారు. ప్రమాణం తగ్గించలేదు, పరీక్షలు కఠినంగానే పెడుతున్నారు.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ విధానం రెండో సెమిస్టర్ తర్వాత మేజర్ మార్చుకోనిస్తుంది. ఒక కాలేజీలో సంపాదించిన క్రెడిట్లను ఇంకోచోటికి తీసుకెళ్లడానికి అకడమిక్ బ్యాంక్ కూడా ఉంది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పద్ధతి వదిలి సింగిల్ మేజర్‌కు మారింది. కంప్యూటర్ పాఠాలకు ఎక్కువ చోటు దొరికినమాట నిజమే కానీ, కంప్యూటర్ కోసం లెక్కల్ని పక్కకు నెట్టే పద్ధతిని తెలంగాణ అనుసరించకపోవడమే మేలు. ఇక్కడి మూడు సబ్జెక్టుల బలాన్ని నిలుపుకుంటూనే తలుపులు తెరవొచ్చు.

సిటీ కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది. సిలబస్ రాసుకునే బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాని చేతిలోనే ఉంది. బీఎస్సీ అయినా బీకాం అయినా, కంప్యూటర్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి ఏడాది ఒకే ప్రోగ్రామింగ్ పాఠం, ఒకే ల్యాబ్ పెట్టొచ్చు. సీఈసీ, బైపీసీ పిల్లలకు రెండు సెమిస్టర్ల గణిత పాఠాన్ని క్రెడిట్లతో సహా ఇవ్వొచ్చు. ఏడాది చివర, చేత్తో నాలుగు ప్రోగ్రాములు రాసి చూశాక, దారి ఎంచుకోనివ్వొచ్చు. హుస్సేనీ ఆలం, ఫలక్‌నుమా కాలేజీలు అదే పాఠం పెట్టుకునేలా ఉస్మానియా యూనివర్సిటీ అనుమతిస్తే, మూడు కాలేజీల పిల్లల క్రెడిట్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చెల్లుతాయి. దీనికి గెస్ట్ లెక్చరర్లతో సరిపెట్టడం కుదరదు. మొదటి ఏడాది పాఠం చెప్పడానికి పర్మనెంట్ అధ్యాపకులు కావాలి, ఆ ఖాళీలను ప్రభుత్వమే నింపాలి. బీఎస్సీలో పాసైన కంప్యూటర్ పేపర్లను బీటెక్‌లో లెక్కలోకి తీసుకుని, ఈసెట్ పిల్లల్ని నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకునే నిబంధన కోసం ఉన్నత విద్యామండలి ఏఐసీటీఈకి రాయాలి. వచ్చే ‘దోస్త్’ నోటిఫికేషన్‌లోపు ఇందులో మొదటి పని, అంటే ఉమ్మడి మొదటి ఏడాది సిలబస్, తప్పకుండా పూర్తి చేయవచ్చు.