స్కాటు గారి బెంగుళూరులో మన పాపయ్య

"కథని కథగా చదవండి. ప్రతి దాంట్లోనూ రాజకీయాలు వెతక్కండి" అని పోయిన నెల సాహిత్య గోష్ఠిలో ఒక పెద్దాయన మందలించారు. జీవితమంతా కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన మనిషి. అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయన వాదన ఇది: ఇంగ్లీషు నవలలోకి సామ్రాజ్యం కిప్లింగుతో వచ్చింది, అంతకు ముందు వాళ్ళు, డీఫో, స్విఫ్టు, స్కాటు, కథ కోసం కథ రాసిన వాళ్ళు, వాళ్ళని కూడా లాక్కొచ్చి వలసవాదం అనే బోనులో నిలబెట్టడం ఈనాటి ఫాషను. చప్పట్లు బాగానే మోగాయి. నేను లేచి నాలుగు మాటలు అందామనుకునే లోపల అధ్యక్షులవారు గంట కొట్టేశారు. ఆ నాలుగు మాటలే ఇక్కడ రాస్తున్నాను. మాస్టారి మీద గౌరవం తగ్గి కాదు. చప్పట్లు కొట్టిన వాళ్ళ మీద కోపంతో.

డీఫోతో మొదలు పెడదాం. 'రాబిన్సన్ క్రూసో' 1719లో వచ్చింది. మన పిల్లలకి ఆ కథ ఎలా తెలుసు? ఓడ పగిలింది, ఒంటరివాడు దీవి చేరాడు, మేకల్ని పెంచుకున్నాడు, గొడుగు చేసుకున్నాడు, ఒక అడుగుజాడ చూసి హడిలిపోయాడు. ఓడ ఎందుకు బయల్దేరింది అని ఏ బొమ్మల పుస్తకమూ చెప్పదు. బ్రెజిల్‌లో తోటలున్న క్రూసో ఆఫ్రికా నుంచి బానిసల్ని పట్టుకు రావడానికి బయల్దేరాడు. పగిలింది ఆ ఓడ. అంతకు ముందు తనతో కలిసి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన జూరీ అనే కుర్రవాణ్ణి ఒక పోర్చుగీసు కప్తానుకి 60 వెండి నాణేలకి అమ్మేశాడు. ఇవన్నీ డీఫో దాచిపెట్టిన రహస్యాలు కావు, తీరిగ్గా, లెక్కాపత్రంతో సహా రాసినవి. దాచింది మన సంక్షిప్త ప్రచురణల వాళ్ళు.

ఇక ఫ్రైడే. పరాయి రాష్ట్రంలో సొంత భాషని మోసుకు తిరిగే మనలాంటి వాళ్ళం ఆ పేజీలు చదివి నిబ్బరంగా ఉండటం కష్టం. క్రూసో అతని పేరేమిటని అడగడు. తనే ఒక పేరు పెడతాడు. తనని 'మాస్టర్' అని పిలవాలని నేర్పుతాడు. తరవాత అవును, కాదు అనే మాటలు. ఫ్రైడే మాట్లాడిన భాషలోంచి ఆ నవలలో మిగిలింది వాళ్ళ దేవుడి పేరూ, వాళ్ళ పూజారుల పేరూ, అంతే. తక్కినదంతా విరిగిన ఇంగ్లీషు. నవల రెండో భాగంలో క్రూసో మన బెంగాలు దాకా వస్తాడు, అక్కణ్ణుంచి తూర్పు రేవుల్లో సరుకులు మార్చుకుంటూ నల్లమందు వ్యాపారం కూడా చేస్తాడు. ఇందులో రాజకీయాలు నేను వెతకాలా, మాస్టారూ? కాలికి తగులుతున్నాయి.

అయితే అందర్నీ ఒకే గాటకి కట్టే తొందర నాకు లేదు. స్విఫ్టు వేరు. 'గలివర్ యాత్రలు' (1726) చివరి అధ్యాయంలో, కొత్త దేశాలు కనిపెట్టినా వాటిని రాజుగారి పేర ఎందుకు రాయించలేదో గలివరు సంజాయిషీ ఇస్తాడు. సముద్రపు దొంగలు దారితప్పి ఏదో తీరాన దిగడం, ఆదరించిన జనాన్ని చంపడం, ఒక కుళ్ళిన చెక్కో రాయో పాతి దేశం మాదే అనడం, అదీ వలస రాజ్యమంటే అని ఉతికి ఆరేశాడు. అంతకన్నా ఘాటుగా ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఎక్కువమంది రాయలేదు. ఎగిరే దీవి లపూటా కింద ఒక నగరం తిరగబడి గెలిచిన కథ ఉందే, అది డబ్లిన్ నగరానికి నీడ. ఆ అయిదు పేరాలు అచ్చు వెయ్యడానికి భయపడ్డారు. 1899 దాకా అవి వెలుగు చూడలేదు. అంటే మాస్టారు కనిపించదంటున్న రాజకీయం ఆ రోజుల్లో ప్రచురణకర్తలకి బాగానే కనిపించిందన్న మాట!

స్విఫ్టు చేతిలో బాణాన్ని మన కందుకూరి వీరేశలింగం గారు అందుకున్నారు. 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' గలివర్ నమూనా మీద రాసిందే. సత్యరాజు ఆడమళయాళం వెళతాడు, అక్కడ ఆడవాళ్ళ పెత్తనం, మగవాళ్ళ అణకువ. మన ఇళ్ళలో జరిగేదాన్ని తిరగేసి చూపించారు. గొప్ప ఎత్తుగడ, కాదనను. కాని స్విఫ్టు ఆఖరికి పరాయి దేశాలు ఆక్రమించిన తన ప్రభువుల మీద సంధించిన బాణాన్ని పంతులుగారు పూర్తిగా మన మగవాళ్ళ మీదికే తిప్పారు. 'రాజశేఖర చరిత్రము'కీ ఊతం గోల్డ్‌స్మిత్ 1766 నాటి నవలే. 1887లో అది ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. రావడానికీ పోవడానికీ దారి పడింది. ఆ దారిలో ఏ సరుకు వచ్చింది, ఏది గట్టు మీద దిగిపోయింది అని లెక్క చూసుకోవడం వీరేశలింగం గారిని తప్పు పట్టడం కాదు. ఆయన ఉన్న రోజులు వేరు. మనవి అవి కావుగా!

సరే, బెంగుళూరుకి వద్దాం. అసలు నా కోపం ఇక్కడుంది.

సర్ వాల్టర్ స్కాట్ 1827లో 'ది సర్జన్స్ డాటర్' అనే నవల రాశాడు. దాని పతాక సన్నివేశం జరిగేది బెంగుళూరులో. మన సభలో చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. కథ టూకీగా: స్కాట్లాండు పల్లెలో ఒక వైద్యుడి పెంపకంలో పెరిగిన రిచర్డ్ మిడిల్‌మస్ డబ్బాశతో ఇండియా వస్తాడు. తనని నమ్మిన ఆ వైద్యుడి కూతురు మెనీ గ్రేని పెళ్ళి పేరుతో రప్పించి, టిప్పుకి అప్పగించడానికి బేరం పెట్టుకుంటాడు. బదులుగా అతనికి బెంగుళూరు కిల్లేదారు పదవి. ఆ కోటని తిరిగి ఇంగ్లీషు వాళ్ళకి అమ్మేయాలని లోపల ఇంకో బేరం. ఆఖర్న ఒక ఉద్యానవనంలో దర్బారు జరుగుతుంది. ఫకీరు వేషంలో ఉన్న వాడు వేషం తీసేసి హైదరాలీగా నిలబడతాడు. అమ్మాయిని మంచివాడైన డాక్టరు హార్ట్‌లీకి అప్పగిస్తాడు. సైగ చెయ్యగానే ఏనుగు మిడిల్‌మస్‌ని తొండంతో పడదోసి కాలితో తొక్కేస్తుంది.

ఆ తోట మన లాల్‌బాగే అనుకోవాలని మనకి ముచ్చటగా ఉండొచ్చు. స్కాటుకి మాత్రం అది చూసిన తోట కాదు. ఆయన ఇండియాలో కాలు పెట్టలేదు. ఆ విషయం దాచుకోలేదు కూడా. నవలకి ముందు భాగంలో, కథ చెప్పే పెద్దమనిషికి ఒక లాయరు స్నేహితుడు ఇండియా మీద రాయమని సలహా ఇస్తాడు. నాకేమీ తెలియదే అంటే, తెలియకపోతే మరీ మంచిదన్న ధోరణిలో ప్రోత్సహిస్తాడు. కథంతా చదివి వినిపించాక విన్న ఆడవాళ్ళు వేటి గురించి మాట్లాడుకున్నారు? శాలువల గురించి. పైస్లీలో నేసిన నకలు శాలువకీ అసలు దేశవాళీ శాలువకీ తేడా ఎలా కనిపెట్టాలని! స్కాటు తనని తానే వెక్కిరించుకున్నాడని నాకూ తెలుసు, అందుకు ఆయన్ని మెచ్చుకుంటాను. కాని వెక్కిరించుకున్నంత మాత్రాన రాసింది చెరిగిపోదు.

ఏం రాశాడు? దుర్మార్గుడు తెల్లవాడే కదా, స్కాటు మనవైపే కదా అనవచ్చు మాస్టారు. కొంచెం ఆగండి. ఆ మిడిల్‌మస్ ఎవరి కొడుకు? తల్లి పోర్చుగీసు యూదు ఇంటి పిల్ల, తండ్రి కేథలిక్కు. ఊళ్ళో పెరిగాడే గాని ఊరివాడు కాడు. అమ్మాయిని అమ్మే పాపం అచ్చమైన స్కాట్లాండు రక్తానికి అంటకుండా మొదటి అధ్యాయాల్లోనే గట్టు కట్టేశాడు రచయిత. బేరంలో చెయ్యి కలిపిన బేగం కూడా ఒక స్విస్ సైనికుడి వితంతువు. మంచివాడు హార్ట్‌లీ మాత్రం ఏ మచ్చా లేని ఇంగ్లీషు కుర్రాడు. టిప్పు కాముకుడు. హైదరు న్యాయమూర్తే, అయితే ఆయన న్యాయం ఏనుగు కాలి కింద ఉంటుంది. ఇంత కథలో కంపెనీ వాళ్ళకి మైసూరు మీద ఏం పని అన్న ప్రశ్న మాత్రం ఒక్కరి నోటా రాదు. 1791 మార్చి 21 రాత్రి కారన్‌వాలిస్ సేన బెంగుళూరు కోట గోడ పగలగొట్టి లోపలికి దూరింది. కె.ఆర్. మార్కెట్టు దగ్గర మిగిలిన ఆ కోట ముక్క మీద ఇప్పటికీ ఫలకం ఉంది, బస్సు కోసం పరుగెత్తుతూ ఎవరమూ చదవం. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. 1809లో ఇక్కడ కంటోన్మెంటు లేచింది. 1827లో ఈ నవల. 1831లో మైసూరు పాలననే నేరుగా తీసేసుకున్నారు, 1881 దాకా వదల్లేదు. నవల వల్ల పాలన లాక్కున్నారని నేననను. కాని ఇక్కడి రాజులు చేతికి దొరికిన ఆడదాన్ని చెరపట్టే వాళ్ళు, మనుషుల్ని ఏనుగులతో తొక్కించే వాళ్ళు అని అప్పటికే పొయ్యి దగ్గర కూర్చుని కథలు చదివే వాళ్ళందరికీ తెలిసిపోయి ఉంది. స్కాట్లాండులో బీద పెద్దింటి కుటుంబాల చిన్న కొడుకులకి ఇండియా ధాన్యపు గాదె లాంటిదని ఇదే స్కాటు ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. గాదెని చూసే కన్నుతో ఊరిని చూస్తే ఊరు కనపడుతుందా?

ఆయన బెంగుళూరులో నాకు కన్నడం వినపడలేదు. తెలుగూ వినపడలేదు. కాని ఒక తెలుగువాడు మాత్రం ఆ నవలలో ఉన్నాడు. మద్రాసులో గవర్నరు కొలువులో, తెర వెనక కుట్రలు నడిపే జిత్తులమారి దుబాసీ. పేరు పాపయ్య.

ఇది కల్పించిన పేరు కాదు. అవధానం పాపయ్య మద్రాసులో హోలండ్ సోదరుల దుబాసీగా చక్రం తిప్పిన మనిషి. ఇంటిపేరే ఆయన ఎవరో చెబుతోంది. ఆ సోదరుల్లో జాన్ హోలండ్ 1789-90లో మద్రాసు గవర్నరుగా చేశాడు. హాలిబర్టన్ అనే కంపెనీ ఉద్యోగిని తప్పుడు ఆరోపణలతో పదవి నుంచి తొలగించడానికి కుట్ర చేశాడని 1792లో పాపయ్య మీద మద్రాసులో విచారణ జరిగి దోషి అని తేలింది. మద్రాసు చూళైలో ఆయన పేరుతో రోడ్డు ఉంది. పాపయ్య అక్కడ 'పాపియర్' అయ్యాడు. ఆ పేరు చదివిన వాళ్ళు ఎవరో ఫ్రెంచి దొర అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

పాపయ్య మంచివాడని వాదించడానికి నేను రాలేదు. మనవాడు కనక వెనకేసుకు రావాలనే జబ్బు నాకు లేదు. కాని ఒక లెక్క చూడండి. విచారణ నాటికి గవర్నరు దొర ఇంగ్లండు చేరుకున్నాడు. బోనెక్కింది పాపయ్య. 35 ఏళ్ళ తరవాత ఆయన పేరు ఎడింబరోలో నవలకెక్కింది. ఒకసారి కోర్టులో, ఒకసారి కథలో, రెండుసార్లూ దొర పని చేసిపెట్టిన నల్లవాడే దొరికాడు. కంపెనీ అవినీతికి ఒక మొహం కావలసి వచ్చినప్పుడు స్కాటు తెచ్చుకున్నది రెండు భాషలు తెలిసిన వాడి మొహం.

దుబాసీ అంటే ద్విభాషి. బెంగుళూరులో ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ ఆఫీసులో ఇంగ్లీషూ మాట్లాడే మనం ఆ మాట విని ఉలిక్కిపడవద్దా? రెండు భాషలు వచ్చినవాడంటే రెండు పక్కలా అమ్ముడుపోయేవాడని ఈ దేశంలో మొదట రాసిపెట్టింది అలాంటి కథలే. ఇంటివాళ్ళా బయటివాళ్ళా అని నేటికీ మనల్ని ఎవరైనా ఒక చూపు చూస్తే, ఆ చూపుకి ఎంత పాత చుట్టరికం ఉందో!

దుబాసీలందరూ పాపయ్యలు కారు. అదే కాలంలో, అదే కంపెనీలో, ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులున్నారు. శ్రీరంగపట్నం పడ్డాక కోలిన్ మెకంజీ మైసూరు సర్వే చేసినప్పుడు వెంట ఉండి శాసనాలూ, తాళపత్రాలూ, ఊళ్ళ కథలూ పోగుచేసి చదివి చెప్పిన వాడు బొర్రయ్య. 1803లో చనిపోయాడు. ఆ తరవాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించాడు. మెకంజీ కూడా స్కాట్లాండు వాడే. ఆయన పన్నుల కోసం, పటాల కోసం వచ్చాడు, మన మీద జాలితో కాదు. అయినా తెలియనిది తెలుగువాణ్ణి అడిగి రాసుకున్నాడు. ఆయనకి బొర్రయ్య దొరికాడు, స్కాటుకి పాపయ్య దొరికాడు. ఇంగ్లీషు పాఠకుడికి మిగిలింది రెండోవాడు.

ఇన్ని చెప్పి స్కాటుని చదవొద్దంటానా? ఇంగ్లీషు పుస్తకాలు కుప్పేసి తగలబెడదామనే వాళ్ళ జట్టులో నేను లేను. నిజానికి అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల కొట్లలో అట్ట ఊడిన స్కాటు సంపుటాలు ఇంటికి మోసుకొచ్చి తిట్లు తిన్నవాణ్ణి. నేనడిగేది పూర్తిగా చదవమని. జూరీని అమ్మిన పేజీతో సహా క్రూసోని, ఆఖరి అధ్యాయంతో సహా గలివర్ని, పాపయ్యతో సహా స్కాటుని. మాస్టారు చెప్పిన "కథని కథగా" అన్న మాటకి అర్థం అదే అయితే మా ఇద్దరికీ పేచీ లేదు. కాని ఆ మాటతో ఇన్నాళ్ళూ జరిగింది పేజీలు చింపడమే.

కాబట్టి వచ్చే నెల గోష్ఠికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆ నవలలో మద్రాసు, బెంగుళూరు అధ్యాయాలు సభలో చదువుదాం, పక్కన తెలుగులో చెప్పుకుంటూ. చదివేది మాస్టారే కావాలి. ఆయన ఉచ్చారణ నాకు రాదు. తెలుగు చెప్పే దుబాసీ పని నేను చేస్తాను. అధ్యక్షులవారు ఆ పూటకి గంట ఇంట్లో పెట్టి రావాలి.