తప్పిన ప్రశ్నయే గురువు



నర్సు విద్య ముగించి అమెరికాలో నుద్యోగము చేయగోరు స్త్రీలు మన తెలుగు కుటుంబములలో ననేకులు కలరు. ఇచ్చటి పట్టము చేతనున్నను, ఆ దేశమున రిజిస్టర్డు నర్సుగా పనిచేయుటకు 'ఎన్‌క్లెక్స్' అను లైసెన్సు పరీక్షలో నుత్తీర్ణురాలు కావలెను. అందులకై అభ్యాస ప్రశ్నలను వేలకొలది చేయుదురు. ఎన్ని చేసితిమను లెక్కయే గాని, ఎట్లు చేసితిమను విచారణ తక్కువగా కనబడుచున్నది. ఈ మాసము దానిని గూర్చియే ముచ్చటింతము.

ఈ పరీక్ష కంప్యూటరుపై జరుగును. ప్రశ్నలు 85 మొదలు 150 వరకు నుండును; గడువు 5 గంటలు. సరిగా చెప్పిన కొలది కఠినతరమైన ప్రశ్న వచ్చును. కావున ప్రశ్నలు కష్టముగా నున్నవని మధ్యలో ధైర్యము విడువరాదు. దాటిన ప్రశ్నకు మరల పోవుటకు వీలు లేదు. 2023 ఏప్రిల్ నుండి ఒక రోగి వృత్తాంతము నిచ్చి, దానిపై వరుసగా 6 ప్రశ్నలడుగు పద్ధతియు చేరినది. ఇట్టి పరీక్షకు కంఠపాఠము చాలదు, వివేకము కావలెను.

ఒక యుదాహరణము చూడుడు. నలుగురు రోగులు కలరు. ఒకడు మూత్రపిండములోని రాతి బాధచే కేకలు వేయుచున్నాడు. ఒకనికి స్వల్పజ్వరము. ఒకనికి నిన్న తొడయెముక విరిగినది. ఇప్పుడు ఊపిరి వేగముగా తీయుచు, పొంతన లేక మాటలాడుచున్నాడు. నాల్గవవాడు ఇంటికి పోవుటకు కాగితములకై వేచియున్నాడు. మొదట నెవ్వరిని చూడవలెను?

కరుణ మనలను కేకలు వేయువాని కడకు లాగును. కాని మూడవవానిని ముందు చూడవలెను. విరిగిన యెముక మజ్జలోని క్రొవ్వు రక్తములో చేరి ఊపిరితిత్తుల నడ్డగించి యుండవచ్చును. బాధకంటె శ్వాస ముందు. సరియైన జవాబు తెలిసినంతనే పుట త్రిప్పిన యామెకు ఒక ప్రశ్నయే వచ్చును. తక్కిన మూడును ఏల తగవో చదివిన యామెకు అట్టి నూరు ప్రశ్నలు వచ్చును. అదృష్టవశమున సరియైన దానికిని కారణము చదువవలెను.

తప్పిన ప్రతిదానికి ఒక నోటుపుస్తకములో హేతువు వ్రాసికొనుడు. విషయము తెలియకపోయెనా? 'మొదట', 'తప్ప' వంటి మాట చూపునకు తప్పెనా? తొందరపడితిమా? వారము తరువాత అవే విషయములను మరల పరీక్షించుకొనుడు. తెలియమి చదువుచే తీరును. తొందర గడియారము నెదుట పెట్టుకొని చేయు సాధనచే తీరును. పరీక్షలో వచ్చినవని రహస్యముగా నమ్ము ప్రశ్నల జోలికి పోకుడు. అది నియమభంగము, ఫలితమే రద్దు కావచ్చును.

ఇక ఇంటి పెద్దలకొక మనవి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, వంటయు బిడ్డలను చూచుకొని చదువు కోడలికి దినమునకు రెండు గంటలు పిలుపు లేని సమయ మిండు. తప్పినచో మరల కూర్చుండుటకు కనీసము 45 దినములు ఆగవలెను. రుసుమును మరల కట్టవలెను. అంతకంటె ముఖ్యమొకటి కలదు. పుస్తకములోని తప్పును దిద్దుకొనవచ్చును. రోగి మంచము కడ జరిగిన తప్పును దిద్దుకొనుట కెల్లప్పుడును వ్యవధి యుండదు. ఆ తప్పులన్నియు ఇంటనే, కాగితముపైననే తీరిపోవుగాక!