గోటితో పోయేది, గొడ్డలి కావలసినది

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడమని మాత్రం అనలేదు. అనకపోయినా ఆ పరీక్ష ఏటా వస్తూనే వుంటుంది. మన గోదావరి జిల్లాల్లో అది వచ్చే రోజులు కూడా ఖాయమే. దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, ఎండలు ముదిరిన రోజుల్లో ఇంటాయన ఒకసారి తలెత్తి పైకి చూస్తాడు. పెంకుల సందుల్లోంచి ఆకాశం కనబడుతుంది. ఇక ఇంట్లో రెండు పార్టీలు బయలుదేరుతాయి. “ఈ మాత్రం దానికి మనిషెందుకు, నేను చెయ్యలేనా?” అని ఒక పార్టీ. “మీరు చేసిన పని చక్కబెట్టడానికి మళ్లీ ఇద్దరిని పిలవాలి” అని రెండవది. మొదటి పార్టీకి నాయకుడెవరో, రెండవదానికి నాయకురాలెవరో నేను చెప్పనక్కరలేదు.

ఈ తగవులో ఇద్దరి పక్షానా న్యాయం వుంది. కుళాయి చుక్కలు కారుతున్నదని మనిషిని పిలిస్తే, పది రూపాయల వాషరుకు అతని రాకపోకల ఖర్చు కూడా ఇచ్చుకోవాలి. అలాగని ప్రతి పనీ మనమే నెత్తిన వేసుకుంటే, డబ్బు మిగిల్చిన చేతే ఆస్పత్రిలో కట్టు కట్టించుకోవలసి వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నది నిజమే. గొడ్డలి కావలసిన చోట గోరు పెడితే గోరే పోతుందన్నదీ నిజమే. ఏది ఏదో తేల్చుకోవడం ఎలాగన్నదే ప్రశ్న.

ఇందుకు మనం దూరం వెళ్లనక్కరలేదు. మన డెల్టాయే పెద్ద ఇల్లు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన బరాజ్ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు భాగాలకూ కలిపి 175 తలుపులున్నాయి. ఆ తలుపు బిగిసిపోతే ఏ రైతూ పార పట్టుకుని వెళ్లడు. దానికి ఇంజనీరు కావాలి. కాని తన చేలోకి నీళ్లొచ్చే బోదెలో గడ్డి పెరిగితే ఇంజనీరు కోసం కూర్చోడు, తానే దిగి తీసుకుంటాడు. పూర్వం మద్రాసు రాజధానిలో దీనికి కుడిమరామత్తు అని పేరే వుండేది. చిన్న పని ఊరివాళ్లది, పెద్ద పని సర్కారుది. ఆ ఆచారానికి 1858లో చట్టం కూడా చేశారు. మళ్లీ 1997లో మన రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టినప్పుడూ కాలువల బాగోగుల్లో రైతుకు పాలు ఇవ్వాలన్నదే ఆలోచన. ఇంటికీ ఇలాంటి పంపకమే కావాలని నేనంటాను.

పని ముందుకు రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని చెడితే పోయేది వస్తువా, మనిషా? నేల మీద నిలబడి చేసేదా, పైకెక్కో లోపలికి దిగో చేసేదా? చెడగొడితే మళ్లీ బాగుచేసుకోగలమా, లేదా? వస్తువే పోతుంది, నేల మీదే పని, చెడినా సరిచేసుకోవచ్చు అనుకుంటే నిర్భయంగా మొదలుపెట్టండి. మూడింట్లో ఒక్కదానికి ఎదురు జవాబు వచ్చినా పనివాడికి కబురు పంపండి.

కుళాయి వాషరు, తలుపు బందుకు చమురు, వదులైన గడియ మేకు, ఇవన్నీ మన పనులే. ఇంట్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ పదేళ్లు దాటగానే నేర్పవలసిన పనులు కూడాను. వెల్ల వేయడం కూడా మన పనే. అయితే సున్నపురాళ్లు తడిపేటప్పుడు జాగ్రత్త. రాళ్ల మీద నీళ్లు గుమ్మరించకూడదు. నీళ్లలో రాళ్లు కొంచెం కొంచెంగా వేయాలి. అది కుతకుత వుడుకుతుంది కనుక ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు. పిల్లలను దూరంగా పంపండి, మీ కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

పాత సున్నపు గోడల మీద చెమ్మ ఎక్కితే చాలామంది సిమెంటు పూయిస్తారు. అది చెమ్మను ఆపదు, లోపల బంధిస్తుంది. మన నేలలో నీరు పైపైనే వుంటుంది. ఇటుక దాన్ని పీల్చుకుంటుంది. సున్నమైతే ఆ తడిని గాలికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. అందుకే రెండేళ్లు తిరగకుండా ఉప్పు పొంగి పెచ్చులు వూడిపోతాయి. పాత గోడకు సున్నమే చుట్టం.

గోడ బీట వారిందని భయపడిపోయే వారు కొందరు, పుట్టీ పెట్టి మూసేసి నిశ్చింతగా వుండేవారు కొందరు. మన నల్లమట్టి ఎండకు కుంచించుకుంటుంది, వానకు వుబ్బుతుంది. గోడ దానితో పాటు కదులుతుంది. అందుచేత బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. బీట మీద అడ్డంగా చిన్న కాగితం ముక్క అంటించండి. ఇది మనం చేయగల పరిశోధన. ఏడాది తిరిగినా కొస గీత దాటకపోతే, కాగితం చిరగకపోతే మూసుకోవచ్చు. గీత దాటి పాకుతుంటే, చిటికెన వేలు దూరేటంత అయితే, అది మేస్త్రీకి కూడా చెప్పే పని కాదు, ఇంజనీరుకు చూపించండి.

కరెంటు సంగతి వేరు. ఎండాకాలంలో ఎర్తు గుంటలో నీళ్లు పోయడం మన పని. ఇంట్లో కరెంటు కారితే టక్కున ఆపేసే మీట, 30 మిల్లీ ఆంపియర్లది, లేకపోతే పెట్టించండి. వుంటే దాని మీద వున్న పరీక్ష బొత్తాం నెలకోసారి నొక్కి చూడడం మన పని. అంతవరకే. తడి గోడలో తీగలు మార్చడం, ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని లావు తీగ చుట్టడం మన పనులు కావు. ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగం వుందని చెప్పే కబురు.

నుయ్యి, సెప్టిక్ ట్యాంకు, ఈ రెండింటి విషయంలో తగవే లేదు. మనం దిగకూడదు, మరొకరిని దింపకూడదు. రక్షణ సామగ్రీ జాగ్రత్తలూ లేకుండా సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం వున్న బండిని పిలవాలి. నూతిలో దీపం దించి చూసే పద్ధతి మన పెద్దలకు తెలుసు. దీపం ఆరిపోతే గాలి లేదని అర్థం. కాని ఆరకపోయినంత మాత్రాన విషవాయువు లేదని అర్థం కాదు. ఒకరు పడిపోతే రక్షించబోయి రెండవవారు, వారి కోసం మూడవవారు పోయిన సంగతులు పేపర్లలో చదువుతూనే వున్నాం.

కోనసీమ నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె మామగారికి డెబ్బై దాటాయి. వయసులో వుండగా ఇంటి పెంకు సర్దడానికి ఎవరినీ రానివ్వలేదట. 1996 నవంబరు తుపానులో సగం కప్పు ఎగిరిపోతే, కొడుకుల సాయంతో వారంలో నిలబెట్టారట. ఈ ఏడూ నిచ్చెన తీయమంటున్నారు. హైదరాబాదులో వున్న కొడుకు ఫోనులో కేకలేస్తున్నాడు. “మామయ్యగారిని ఎక్కనిస్తే ప్రాణభయం. వద్దంటే రెండు రోజులు అన్నం సరిగా తినరు. ఏం చెయ్యమంటారు?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, ఇది పెంకుల సమస్య కాదు. ఆయన అడుగుతున్నది నిచ్చెన కాదు, ఇంట్లో తన చోటు. నిచ్చెన మాత్రం ఇవ్వవద్దు. బంగాళా పెంకు ఎండకు పెళుసెక్కి వుంటుంది, కింద వాసం పుచ్చిందో లేదో పైనుంచి తెలియదు. కాని పని ఆయన చేతిలోనే పెట్టండి. మిట్టమధ్యాహ్నం గదులు చీకటి చేసి, ఏ పెంకు సందున వెలుగు దిగుతున్నదో ఆయన్నే చూడమనండి. దాని కింది గోడ మీదో నేల మీదో సుద్దతో గుర్తు పెట్టమనండి. ఎన్ని పెంకులు కావాలో లెక్క వ్రాయించండి. దించిన వాటిలో బాగున్నవి ఏరి దాచడం కూడా ఆయనకే అప్పగించండి. పాత కొలత పెంకు ఇప్పుడు అడిగినంత దొరకదు. పనివాడు వచ్చాక “మామయ్యగారు చెప్పినట్టు చెయ్యి నాయనా” అని మీరు ఆయన ఎదుటే అనండి. యాభై ఏళ్లుగా ఆ కప్పుతో కాపురం చేసిన మనిషికి తెలిసినంత కొత్తగా వచ్చిన మేస్త్రీకి తెలియదు. అది నిజం కూడాను, వూరడింపు కాదు.

కప్పు మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టు వుంటే, పెంకు పనికి ముందే దింపు కార్మికుడిని పిలిపించి కాయలూ ఎండుకమ్మలూ దింపించండి. పెంకు సర్దిన మర్నాడు కాయ పడితే ఖర్చు రెండింతలు.

ఇక పనివాడిని పెట్టేటప్పుడు గుత్తా, రోజుకూలా అన్న ప్రశ్న వస్తుంది. ముందుగా కొలవగలిగిన పని, అంటే వెల్ల, రంగు, ప్రహరీగోడ, గుత్తకివ్వండి. విప్పితే గాని తెలియని పని, అంటే కప్పు, గోడలోపలి గొట్టం, రోజుకూలికి చేయించండి. తెలియని పనిని గుత్తకిస్తే అతడు భయపడి ఎక్కువైనా చెబుతాడు, నష్టం వస్తున్నదని తొందరపడైనా చేస్తాడు. ఎక్కేవాడికి గట్టి తాడు వుందో లేదో చూడండి, లేకపోతే మీరు కొనివ్వండి. మన ఇంటి పెద్దాయన పడతాడని భయపడిన మనం, ఆ ఎక్కేవాడికీ ఇల్లూ పిల్లలూ వున్నారని మరిచిపోకూడదు.

రోహిణి కార్తె వెళ్లేలోపల ఒక నోటుపుస్తకం తీసి, ఒక పేజీ మీద “మనం చేసేవి” అనీ, ఎదుటి పేజీ మీద “చేయించేవి” అనీ వ్రాసి ఇంటిల్లిపాదీ కూర్చుని నింపండి. రెండవ పేజీలోని పనులకు ఇప్పుడే కబురు పెట్టండి. తొలకరి పడ్డ రోజున ప్రతి ఇంటి వాళ్లకూ ఆ మేస్త్రీయే కావాలి.